కరెంటు కొలిచే సర్క్యూటు తప్పు చూపిస్తోందా? ఆప్ ఆంప్‌ను మార్చాలా, పద్ధతినే మార్చాలా

లోడు పూర్తిగా తీసేశాక కూడా తెర మీద 0.10 ఆంపియర్ అని కనిపిస్తుంటే కలిగే చిరాకు నాకు బాగా తెలుసు. కొందరికి దీనికి తలకిందులైన బాధ ఉంటుంది: 50 మిల్లీఆంపియర్లు నిజంగా పారుతున్నా అంకె సున్నా దగ్గరే కూర్చుంటుంది. మరికొందరికి మూడున్నర ఆంపియర్ల వరకు అంతా సవ్యంగా సాగి, అక్కడి నుంచి అంకె కదలదు. మూడింటికీ చాలామంది చేసే మొదటి వైద్యం ఒకటే, ఆప్ ఆంప్ (చిన్న వోల్టేజీని పెద్దది చేసే చిప్పు) తీసి కొత్తది పెట్టడం. ఒక బ్యాటరీ చార్జరు కోసం నేనూ అలాగే వారం రోజుల్లో మూడు ఎల్ఎం358 ఆప్ ఆంప్‌లు మార్చాను. మూడూ మంచివే. తప్పు బ్రెడ్‌బోర్డులో, అంటే టంకం లేకుండా తీగలు గుచ్చే పలకలో ఉంది.

అందుకే ఈ సలహాను చిప్పుల జాబితాతో మొదలుపెట్టడం లేదు. మీ ముందు నిజానికి మూడు దారులున్నాయి: ఉన్న సర్క్యూటును సరిచేసుకోవడం, ఆప్ ఆంప్‌ను మాత్రం మార్చడం, కొలిచే పద్ధతినే మార్చడం. ఏ దారి మీదో తెలియాలంటే ముందు తప్పు ఎక్కడుందో తెలియాలి.

చేతిలో ఒక ఉదాహరణ ఉంటే మాట స్పష్టంగా ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీ, గరిష్ఠంగా 5 ఆంపియర్ల లోడు. లోడుకూ గ్రౌండుకూ మధ్య 20 మిల్లీఓముల షంట్, అంటే తనలో పారే కరెంటును వోల్టేజీగా చూపే అతి చిన్న రెసిస్టర్. దాని మీద పుట్టే వోల్టేజీని 5 వోల్టుల సప్లైతో నడిచే ఎల్ఎం358 పెంచుతుంది. 47 కిలోఓములు, 1 కిలోఓము రెసిస్టర్లతో గెయిన్, అంటే పెంచే రెట్లు, 48. అవుట్‌పుట్ ఆర్డువినో ఊనో (ఆర్3) అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు వెళ్తుంది. 5 ఆంపియర్లకు షంట్ మీద 100 మిల్లీవోల్టులు, అవుట్‌పుట్‌లో 4.8 వోల్టులు రావాలి. కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది. బల్ల మీదికి వచ్చాక పైన చెప్పిన మూడు జబ్బులూ దీనికే వస్తాయి.

ముందు షంట్ కాళ్ల దగ్గర కొలవండి

సరిగ్గా 1 ఆంపియర్ పారుతున్నప్పుడు షంట్ రెండు కాళ్ల మీద, రెసిస్టర్ ఒంటికి ఆనుకుని మల్టీమీటర్ ప్రోబులు పెట్టండి. 200 మిల్లీవోల్టుల స్కేలులో 20 మిల్లీవోల్టులు కనిపించాలి. తర్వాత నల్ల ప్రోబును ఎల్ఎం358 నాలుగో పిన్ను (గ్రౌండు) మీద, ఎర్ర ప్రోబును మూడో పిన్ను (ధన ఇన్‌పుట్) మీద పెట్టి చూడండి. అక్కడా 20 వస్తే తప్పు ఆప్ ఆంప్ వైపు ఉంది. 26 వస్తేనో 31 వస్తేనో తప్పు తీగల్లో ఉంది. అప్పుడు ఎంత ఖరీదైన చిప్పు పెట్టినా ఆ 31నే నమ్మకంగా పెంచి చూపిస్తుంది.

ఇంత తేడా ఎలా వస్తుంది? 0.64 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి తీగకు మీటరుకు 53 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. షంట్‌కు అటూ ఇటూ 4 సెంటీమీటర్ల చొప్పున అలాంటి తీగ కొలతలో కలిసిపోతే 4 మిల్లీఓములు అదనంగా చేరినట్టే. 20 మిల్లీఓముల షంట్‌కు ఇది 20 శాతం తప్పు. పైగా రాగి నిరోధం ఒక్కో డిగ్రీ వేడికి 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి ఈ తప్పు నిలకడగా కూడా ఉండదు. షంట్లకు మాంగనిన్ వంటి మిశ్రమ లోహం వాడేది వేడికి విలువ మారకూడదనే. బ్రెడ్‌బోర్డు సంగతి ఇంకా అన్యాయం. దాని లోపలి స్ప్రింగు కాంటాక్టుల నిరోధమే షంట్ నిరోధాన్ని మించిపోవచ్చు, తీగను కాస్త కదిపితే విలువ మారిపోతుంది. నా వారం రోజుల శ్రమ అక్కడే పోయింది.

దీనికి మందు నాలుగు తీగల కనెక్షన్. దాన్నే కెల్విన్ కనెక్షన్ అంటారు. లోడు కరెంటు పారే లావు తీగలు రెండు, కొలతకు సన్న తీగలు రెండు. సన్న తీగలను షంట్ కాళ్ల మూలం దగ్గరే టంకం వేయాలి. షంట్‌ను బ్రెడ్‌బోర్డు మీద ఎప్పుడూ గుచ్చకండి.

ఇక్కడే చాలామంది మరిచిపోయే విషయం ఒకటి ఉంది. గెయిన్ రెసిస్టర్లలో 1 కిలోఓముది గ్రౌండుకు వెళ్తుంది కదా, ఆ గ్రౌండు ఏది? బోర్డు మీద ఎక్కడో ఉన్న గ్రౌండుకు కలిపితే, దానికీ షంట్ కింది కాలుకీ మధ్య లోడు కరెంటు వల్ల పుట్టే మిల్లీవోల్టులన్నీ కొలతలో కలుస్తాయి. ఆ రెసిస్టర్ నేరుగా షంట్ కింది కాలు దగ్గరికే రావాలి. పైసా ఖర్చు లేని ఈ మార్పు ఎన్నో సర్క్యూట్లను కాపాడుతుంది.

సున్నా దగ్గరి అబద్ధం

తీగలు సరిగ్గా ఉన్నాయని తేలాక కూడా లోడు లేకుండా 0.10 ఆంపియర్ కనిపిస్తోందా? అది ఆఫ్‌సెట్. ఆప్ ఆంప్ రెండు ఇన్‌పుట్‌ల మధ్య పుట్టుకతో ఉండే చిన్న తేడా. ఎల్ఎం358లో ఇది మామూలుగా 2, 3 మిల్లీవోల్టులు ఉంటుంది. 7 వరకు ఉండవచ్చని తయారీదారులే డేటాషీటులో చెబుతారు. 20 మిల్లీఓముల షంట్‌కు 2 మిల్లీవోల్టులంటే 100 మిల్లీఆంపియర్లు. 7 అంటే 350. చిప్పు చెడిపోలేదు, అది ఇచ్చిన మాట మీదే ఉంది.

ఆఫ్‌సెట్ ఏ వైపుకు ఉందన్నది ఇంకా ముఖ్యం. ధనాత్మకంగా ఉంటే లేని కరెంటు కనిపిస్తుంది. రుణాత్మకంగా ఉంటే అవుట్‌పుట్ సున్నా కిందికి పోలేదు కాబట్టి మొదటి 100 మిల్లీఆంపియర్లూ మాయమవుతాయి. ఒకే పెట్టెలో కొన్న రెండు చిప్పుల్లో ఒకటి ఇలా, ఒకటి అలా ఉండవచ్చు. చిప్పు మారిస్తే జబ్బు నయమైందని కొందరికి అనిపించేది అందుకే. నిజానికి జబ్బు రూపం మారిందంతే.

ధనాత్మక ఆఫ్‌సెట్‌ను ప్రోగ్రాములో తీసేయవచ్చు. ఆన్ చేయగానే లోడు లేకుండా ఒకసారి కొలిచి, ఆ విలువను ప్రతిసారీ తగ్గించండి. ఉష్ణోగ్రతతో అది కదులుతుంది గానీ భయపడేంత కాదు. ఎల్ఎం358లో డిగ్రీకి సుమారు 7 మైక్రోవోల్టుల లెక్కన, 20 డిగ్రీల తేడాకు 7 మిల్లీఆంపియర్లు. రుణాత్మకమైనదాన్ని మాత్రం ప్రోగ్రాము కాపాడలేదు, లేని అంకెను తీసుకురావడం ఎవరి వల్లా కాదు. దానికి ఒక చిన్న ఉపాయం ఉంది. షంట్ నుంచి మూడో పిన్నుకు నేరుగా కాకుండా 1 కిలోఓము ద్వారా వెళ్లి, అదే పిన్నుకు 5 వోల్టుల నుంచి 680 కిలోఓముల రెసిస్టర్ కలపండి. ఇన్‌పుట్ ఎప్పుడూ 7.3 మిల్లీవోల్టులు పైకి జరిగి ఉంటుంది. ఆఫ్‌సెట్ ఎటున్నా అవుట్‌పుట్ సున్నాకు పైనే ఉంటుంది, అప్పుడు ప్రోగ్రాము దాన్ని తీసేయగలదు. ఈ ఉపాయానికి 5 వోల్టుల సప్లై నిలకడగా ఉండాలి. పై చివర కూడా ఆ 7.3 మిల్లీవోల్టుల మేర కొలత పరిధి తగ్గుతుంది.

మూడున్నర దగ్గర ఆగిపోయే అంకె

ఎల్ఎం358 అవుట్‌పుట్ తన సప్లై కంటే సుమారు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది. 5 వోల్టులిస్తే మూడున్నర వోల్టులే పైకప్పు. గెయిన్ 48తో అది దాదాపు 3.6 ఆంపియర్లకు సమానం. ఆ తర్వాత లోడు ఎంత పెరిగినా అంకె కదలదు.

కొందరు ఎల్ఎం358కి బ్యాటరీ 12 వోల్టులే ఇచ్చి పైకప్పు ఎత్తుతారు. పని చేస్తుంది గానీ, ఎప్పుడైనా లోడు షార్టయితే అవుట్‌పుట్ 10 వోల్టులు దాటి ఆర్డువినో పిన్నును కాల్చేస్తుంది. ఆ దారే కావాలంటే పిన్నుకు ముందు 10 కిలోఓములు తప్పక పెట్టండి.

నాకు నచ్చిన దారి వేరే. ఊనోలో 1.1 వోల్టుల అంతర్గత రిఫరెన్సు, అంటే వోల్టేజీని అంకెగా మార్చేటప్పుడు పోల్చి చూసే కొలబద్ద ఉంది. గెయిన్‌ను 10 కిలోఓములు, 1 కిలోఓములతో 11కు తగ్గించండి. 5 ఆంపియర్లకు సరిగ్గా 1.1 వోల్టులు వస్తాయి. ఎల్ఎం358 పైకప్పు జోలికే వెళ్లదు. గెయిన్ తగ్గితే సూక్ష్మత పోతుందేమో అనుకోవచ్చు, పోదు: గెయిన్ 48తో 5 వోల్టుల రిఫరెన్సు వాడినప్పుడు ఒక్కో మెట్టు (ఊనో గుర్తించగల అతి చిన్న మార్పు) 5.1 మిల్లీఆంపియర్లు, ఇప్పుడు 4.9. ఈ రిఫరెన్సు చిప్పు చిప్పుకూ 1.0 నుంచి 1.2 వోల్టుల మధ్య మారుతుంది కాబట్టి మీ బోర్డుది ఒకసారి కొలిచి ప్రోగ్రాములో రాసుకోవాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ మొదటి దారిలోవి. 12 వోల్టుల బ్యాటరీ, కొన్ని ఆంపియర్ల లోడు, 20 మిల్లీఆంపియర్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు అనుకునేవాళ్లకు ఇదే చాలు. టీ ఖర్చుకు దొరికే చిప్పును తీసిపారేయనక్కర్లేదు.

ఆప్ ఆంప్ మార్చాలనుకుంటే

డబ్బాలో ఉన్నది తీసి పెట్టడమే ఇక్కడ పెద్ద ప్రమాదం. 1968 నుంచి పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయిన 741 ఈ పనికి పనికిరాదు. దాని ఇన్‌పుట్‌లు గ్రౌండు దాకా పని చేయవు. షంట్ మీది వోల్టేజీ గ్రౌండుకు ఆనుకునే ఉంటుంది కదా. టీఎల్072 ఇంకా మోసం చేస్తుంది, ఇన్‌పుట్ రుణ సప్లై దగ్గరికి వస్తే అవుట్‌పుట్ తలకిందులై పైకప్పుకు అంటుకుంటుంది. ఓపీ07 ఆఫ్‌సెట్ ఎంతో తక్కువ, పదుల మైక్రోవోల్టులే. అది చూసి కొనేవాళ్లు ఉన్నారు, కానీ దానికీ రుణ సప్లై కావాలి. ఒకే సప్లైతో మన సర్క్యూటులో అది నిలబడదు.

ఎంసీపీ6002 సప్లై రెండు అంచుల (గ్రౌండు, 5 వోల్టులు) దాకా ఇన్‌పుట్ తీసుకుంటుంది, అవుట్‌పుట్ కూడా అంచుల దాకా ఇస్తుంది. పైకప్పు బాధ తీరుతుంది. ఆఫ్‌సెట్ మాత్రం 4.5 మిల్లీవోల్టుల దాకా ఉండవచ్చు, అంటే సున్నా బాధ అలాగే ఉంటుంది. రెండూ తీరాలంటే తన ఆఫ్‌సెట్‌ను తానే సరిదిద్దుకునే రకం కావాలి. ఓపీఏ333 అలాంటిది, ఆఫ్‌సెట్ గరిష్ఠంగా 10 మైక్రోవోల్టులు. మన షంట్‌కు అర మిల్లీఆంపియర్. సప్లై 5.5 వోల్టులు దాటకూడదు. చిన్న కరెంట్లు నమ్మకంగా కావాలి, షంట్ గ్రౌండు వైపే ఉండనిస్తాను అనేవాళ్లకు నేను చెప్పేది దీన్నే.

షంట్ కింద ఉండాలా, పైన ఉండాలా

ఇప్పటిదాకా షంట్ గ్రౌండు వైపు ఉందనే మాట్లాడాం. అది సులువు. కానీ లోడు గ్రౌండుకూ అసలు గ్రౌండుకూ మధ్య ఒక నిరోధం వచ్చి చేరుతుంది. లోడుకు మరో దారిలో గ్రౌండు దొరికిందంటే కరెంటు షంట్‌ను తప్పించుకుంటుంది. మోటారు చట్రం ఇనుప స్టాండుకు తగిలినా, లోడుకు ఇంకో గ్రౌండు తీగ ఉన్నా ఇంతే. లోడు వైపు ఉన్న ఏదో బోర్డును యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలపగానే అంకె తగ్గిపోతే, చిప్పును అనుమానించకండి. ఆ తీగలోని గ్రౌండు ద్వారా సగం కరెంటు చుట్టుదారి పట్టింది. ఆసిలోస్కోపు గ్రౌండు క్లిప్పు షంట్ పై కాలుకు తగిలించినా ఇదే జరుగుతుంది, కొన్నిసార్లు షంట్‌నే షార్టు చేస్తుంది.

అలాంటి చోట షంట్‌ను ధన తీగలోకి, అంటే బ్యాటరీకీ లోడుకూ మధ్యకు మార్చాలి. అప్పుడు షంట్ రెండు కాళ్లూ 12 వోల్టుల ఎత్తులో ఉంటాయి. మనకు కావలసింది వాటి మధ్య ఉన్న 100 మిల్లీవోల్టులు మాత్రమే. ఒక ఆప్ ఆంప్, నాలుగు రెసిస్టర్లతో తేడాను తీసే సర్క్యూటు ప్రతి పుస్తకంలో ఉంటుంది. దయచేసి దీన్ని మామూలు రెసిస్టర్లతో కట్టకండి. గెయిన్ 10, రెసిస్టర్లు 1 శాతం రకం అనుకుందాం. నాలుగూ వ్యతిరేక దిశల్లో తప్పితే, ఉమ్మడి వోల్టేజీలో (రెండు కాళ్లకూ సమానంగా ఉన్న వోల్టేజీలో) 275వ వంతు కొలతలోకి చొరబడుతుంది. 12 వోల్టులకు అది 44 మిల్లీవోల్టులు. మన పూర్తి కొలతే 100 మిల్లీవోల్టులు! 0.1 శాతం రెసిస్టర్లు తెచ్చినా 4.4 మిల్లీవోల్టులు, అంటే 220 మిల్లీఆంపియర్లు మిగిలే ఉంటాయి. పైగా చార్జింగులో బ్యాటరీ 12 నుంచి 14.4 వోల్టులకు ఎక్కుతుంటే ఈ తప్పు కూడా దానితో పాటే ఎక్కుతుంది. ఒకసారి సున్నా సరిచేసి ఊరుకోవడం కుదరదు. మూడో దారి పట్టాల్సింది ఇక్కడే.

ధన తీగలో కొలవడానికి చేసిన చిప్పులు

లోపలి రెసిస్టర్లను ఫ్యాక్టరీలోనే జత కలిపి ఇచ్చే చిప్పులివి. ఐఎన్ఏ180 రకాలు 20, 50, 100, 200 గెయిన్లలో దొరుకుతాయి, 26 వోల్టుల దాకా ఉమ్మడి వోల్టేజీని భరిస్తాయి. అవుట్‌పుట్ అనలాగ్‌గానే వస్తుంది కాబట్టి మీ పాత ప్రోగ్రాము దాదాపు అలాగే ఉండిపోతుంది. వీటి ఇన్‌పుట్‌లకు వరుసగా ఫిల్టరు రెసిస్టర్లు పెట్టాలంటే 10 ఓములు మించకండి. అలవాటు కొద్దీ 1 కిలోఓము పెడితే లోపలి రెసిస్టర్లతో కలిసి గెయిన్ చెడుతుంది, ఆ తప్పు వెతకడం మహా కష్టం.

ఐఎన్ఏ219 మాడ్యూలు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా తేలిగ్గా దొరుకుతుంది. కరెంటు, వోల్టేజీ రెండూ రెండు తీగల మీద అంకెలుగా పంపిస్తుంది. అనలాగ్ తలనొప్పులన్నీ పోతాయి. మొదటిసారి కొలిచే విద్యార్థికి నేను మొహమాటం లేకుండా దీన్నే చెబుతాను. కానీ కొనేముందు రెండు సంగతులు చూడాలి. మాడ్యూలు మీద ఆర్100 అని రాసి ఉన్న షంట్ 0.1 ఓము, దానితో 3.2 ఆంపియర్లే హద్దు. మన 5 ఆంపియర్లకు ఆ షంట్ తీసి 20 మిల్లీఓములది టంకం వేసి, ప్రోగ్రాములో విలువ మార్చాలి. రెండోది, 26 వోల్టులే దాని ప్రాణం. 24 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీల జత చార్జింగులో 28 వోల్టులు దాటుతుంది. 24 వోల్టుల సోలారు వ్యవస్థకు దీన్ని పెట్టి, ఎండ బాగా కాసిన రోజున పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

అలాంటి చోట ఐఎన్ఏ226 సరిపోతుంది: 36 వోల్టులు, 16 బిట్లు, ఆఫ్‌సెట్ 10 మైక్రోవోల్టుల లోపు. దాని షంట్ పరిధి మాత్రం సుమారు 82 మిల్లీవోల్టులే. ఆర్100 షంట్‌తో వచ్చే మాడ్యూలుతో 0.8 ఆంపియర్ మించి కొలవలేరు, అది తెలియక చిప్పే పాడైందనుకునేవాళ్లు ఉన్నారు. 48 వోల్టుల ఎలక్ట్రిక్ సైకిలు బ్యాటరీ నిండుగా చార్జయితే 54.6 వోల్టులు ఉంటుంది. దానికి 80 వోల్టుల దాకా భరించే ఐఎన్ఏ240, 85 వోల్టుల ఐఎన్ఏ228 లాంటివే తీసుకోవాలి. మోటారును వేగంగా ఆన్, ఆఫ్ చేసే డ్రైవర్లలో ఉమ్మడి వోల్టేజీ క్షణక్షణం దూకుతుంది. ఐఎన్ఏ240 ఆ దూకుళ్లను తట్టుకోవడానికే తయారైంది. అక్కడ డబ్బు ఆదా చేయాలని చూడకండి.

హాల్ సెన్సరు ఎప్పుడు?

షంటూ వద్దు, ఆప్ ఆంపూ వద్దు అనుకునేవాళ్లు ఏసీఎస్712 వైపు చూస్తారు. కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని ఇది కొలుస్తుంది. లోపలి తీగ నిరోధం 1.2 మిల్లీఓములే, కొలిచే వైపు విద్యుత్ పరంగా వేరుగా ఉంటుంది. పెద్ద కరెంట్లకు, గ్రౌండు వేరుగా ఉండాల్సిన చోట్లకు ఇది నిజంగా మంచిది. చిన్న కరెంట్లకు కాదు. 5 ఆంపియర్ల రకం ఆంపియర్‌కు 185 మిల్లీవోల్టులిస్తుంది. ఊనోలో ఒక మెట్టంటే 26 మిల్లీఆంపియర్లు, దాని సొంత గోలే ఇంకొన్ని మెట్లు తింటుంది. 30 ఆంపియర్ల రకంలో మెట్టు 74 మిల్లీఆంపియర్లు. పక్కన రిలే గానీ మోటారు గానీ ఉంటే సున్నా కదులుతుంది, దూరంగా బిగించండి.

మైక్రోఆంపియర్లు కావాలంటే

ఫోటోడయోడు, నిద్రపోయే సెన్సరు బోర్డు వంటివాటిలో కరెంటు మైక్రోఆంపియర్లలో ఉంటుంది. ఇక్కడ షంట్ బదులు కరెంటును నేరుగా ఆప్ ఆంప్ రుణ ఇన్‌పుట్‌లోకి పంపి, అవుట్‌పుట్ నుంచి అదే ఇన్‌పుట్‌కు కలిపే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీద వోల్టేజీగా మార్చుకోవాలి. ఎల్ఎం358 ఈ పనికి తగదు. దాని ఇన్‌పుట్‌లే సుమారు 45 నానోఆంపియర్లు వదులుతాయి, 1 మైక్రోఆంపియర్ కొలతలో అది నాలుగున్నర శాతం. ఎల్ఎంసీ6482 లాంటి, ఇన్‌పుట్ కరెంటు దాదాపు లేని సీమాస్ రకం తీసుకోండి. అవుట్‌పుట్ ఊగుతుంటే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కు అడ్డంగా కొన్ని పికోఫారడుల కెపాసిటర్ పెట్టండి. చాలాసార్లు అదే సరిచేస్తుంది.

230 వోల్టుల ఏసీ లైన్లో మాత్రం పైన చెప్పిన షంట్ సర్క్యూట్లేవీ పెట్టకండి. అక్కడ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. దాని సెకండరీకి లోడు రెసిస్టర్ లేకుండా ఎప్పుడూ తెరిచి వదలకూడదు, ప్రమాదకరమైన వోల్టేజీ పుడుతుంది.

అంకె వణుకుతుంటే

కొలత సగటున సరిగ్గా ఉండి అంకె మాత్రం ఆగకుండా మారుతుంటే కారణం సాధారణంగా లోడే. మోటారు డ్రైవరు 20 కిలోహెర్ట్జ్‌తో కరెంటును తెంచి తెంచి ఇస్తుంటే, గెయిన్ 48 ఉన్న ఎల్ఎం358 ఆ వేగాన్ని అందుకోలేదు, వదిలిపెట్టనూ లేదు. మధ్యలో ఏదో ఆకారం గీస్తుంది. సగటే కావాలంటే ఆప్ ఆంప్‌కు ముందే వడకట్టాలి. ఆఫ్‌సెట్ ఉపాయం కోసం పెట్టిన 1 కిలోఓము ఉంది కదా, దాని తర్వాత గ్రౌండుకు 100 నానోఫారడుల కెపాసిటర్ కలిపితే 1.6 కిలోహెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది. ఇంకా నునుపు కావాలంటే 1 మైక్రోఫారడు పెట్టండి. ఎనిమిదో పిన్నుకు (సప్లైకి) ఆనుకుని 100 నానోఫారడులు ఉన్నాయో లేదో కూడా చూడండి. చిప్పులో వాడని రెండో ఆప్ ఆంప్‌ను గాలిలో వదలకండి. దాని రుణ ఇన్‌పుట్‌ను అవుట్‌పుట్‌కూ, ధన ఇన్‌పుట్‌ను గ్రౌండుకూ కలపండి.

ఏ దారి ఎంచుకున్నా చివరి పరీక్ష ఒకటే. 10 ఓముల, 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్లు నాలుగు కొని ఉంచుకోండి. 12 వోల్టులకు ఒక్కోటీ 1.2 ఆంపియర్లు తీసుకుంటుంది, 14 వాట్లకు పైగా వేడెక్కుతుంది కాబట్టి చెక్క బల్ల మీద కాక పింగాణీ పలక మీద పెట్టండి. దాని మీది వోల్టేజీని మల్టీమీటరుతో కొలిచి, ముందుగా కొలిచి పెట్టుకున్న నిరోధంతో భాగిస్తే నిజమైన కరెంటు తెలుస్తుంది. లోడు లేకుండా ఒకసారి, ఒకటి పెట్టి ఒకసారి, నాలుగూ సమాంతరంగా కలిపి ఒకసారి చూడండి. సున్నా తప్పితే ఆఫ్‌సెట్. రెండో, మూడో కొలతలు ఒకే నిష్పత్తిలో తప్పితే గెయిన్ లేదా షంట్ తీగలు. మూడోది మాత్రమే తగ్గితే పైకప్పు.